పొయ్యిలోకి పోయిన డైరీ

మా ఆయన కురుమూర్తి మంచం వాల్చాలంటే ముందు నేల మీద చెంబెడు నీళ్లు పోసి చూస్తాడు. నీళ్లు ఎటూ పారకపోతేనే నేల సమంగా ఉన్నట్టు. తెలకపల్లి మండలం మొత్తం మీద నీళ్లు అట్లా నిలిచే వాకిలి ఎక్కడుందో నాకైతే తెలియదు. ఆయన చోటు వెతికేలోపు నేను చాప పరుచుకుని పడుకుంటాను. పెళ్లయిన కొత్తలో "నీ అల్లుడు పనిలో మహా నికార్సు" అని మా అమ్మ దగ్గర గొప్పలు పోయాను. నా నోట మన్ను పడ!

నికార్సును ఇల్లు భరిస్తుంది, చేను భరించదు. నిరుడు మృగశిర వాన పడగానే ఊరంతా గొర్రు కట్టి విత్తనాలు వేసింది. మా ఆయన ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు కట్టాడు. ఒక సాలు తోలి, వెనక్కి తిరిగి చూసి, "వంకర వొయింది" అని చెరిపేశాడు. మళ్లీ తోలాడు, మళ్లీ చెరిపాడు. నాలుగో రోజుకు సాలు చక్కగానే వచ్చింది. అప్పటికి నేలలో తడి ఆరి పదును పోయింది. వేసిన గింజ వేసినట్టే ఎండిపోయింది.

ఆ నాలుగెకరాలూ మావి కావు, కౌలువి. భూమి గల అలివేలమ్మ ఈ ఎండాకాలం మొదట్లో నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి గట్టు మీద నిలబడి చూసింది.

"స్వరూపా, ఈ ఏడు గూడ నా చేను పంట లేకుంట పడావు పెడ్తిరంటే వేరేటోళ్లకు ఇస్త. మల్ల నన్ననొద్దు" అంది.

అనడానికి నాకు నోరెక్కడిది? ఆ చేను పోతే మాకు ఇంకోటి లేదు. ఈ వయసులో బొంబాయి వలస పోవాలి.

ఈ సంగతి విన్న మా బిడ్డ తేజస్విని ఎండాకాలం సెలవుల్లో ఒక లావాటి నోటుబుక్కు తెచ్చింది. అది నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో ఎవరో వచ్చి మనసు గురించి పాఠం చెప్పారట.

"నాయినా, దినాం పొద్దుగాల చాయ్ తాగినంక పది నిమిషాలు రాయి. మనసుల ఏముంటే అది రాయి. తప్పువోయినా కొట్టెయ్యకు, చింపకు. గదే మందు" అంది.

ఆయన బుద్ధిగా తలూపాడు. మర్నాడే తెలకపల్లి పోయి ఒక నీలం పెన్నూ, ఒక ఎర్ర పెన్నూ, స్కేలూ కొనుక్కొచ్చాడు. మొదటి వారం ఒక్క అక్షరం రాయలేదు. రెండు వందల పేజీలకూ ఎర్ర గీతతో మార్జిన్లు కొట్టాడు. రెండో వారం "శ్రీ" అని రాసి, దాని తోక పొడుగైందని పేజీ చింపాడు. మూడో వారం కొంచెం ముందుకు పోయాడు. అంటే పేజీ నిండా రాసి చింపాడు. రోగానికి మందిస్తే మందుకే రోగం తగులుకుంది.

నాకు మాత్రం సుఖంగానే ఉండింది. ఇంట్లో గ్యాస్ ఉన్నా జొన్నరొట్టెలు మేము కట్టెల పొయ్యి మీదే కాలుస్తాం. చింపిన కాగితాలన్నీ పొయ్యి పక్క గంపలో వేసుకుని, రోజుకు రెండు ఉండలు చేసి నిప్పు ముట్టించేదాన్ని. మంచి కాగితం, ఇట్టే అంటుకునేది.

చివరికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ముందు రఫ్ రాసుకోవడం, తర్వాత దాన్ని నోటుబుక్కులో ఫేర్ చేయడం. రఫ్ నా గంపలోకి, ఫేర్ బిడ్డ కోసం. కాలేజీ తెరిచాక ఒక ఆదివారం ఇంటికొచ్చిన తేజస్వినికి గర్వంగా చూపించాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. "నేడు నా మనస్సు ప్రశాంతముగా నున్నది. దోషములను గూర్చి చింతించుట మానితిని."

అది తల పట్టుకుంది. "నాయినా, గిది డైరీ గాదు, పెండ్లి పత్రిక!"

"ఎక్కడన్న తప్పువోయిందా బిడ్డా?" అని ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులకు మృగశిర వాన దంచికొట్టింది. తెల్లారేసరికి ఊళ్లో ఎడ్ల గంటలు మోగుతున్నాయి. విత్తనాలు పోయడానికి వస్తానన్న ఏసమ్మ అప్పుడే చేను దగ్గరికి పోయింది. ఈయన చూస్తే చాయ్ తాగి, స్కేలు ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, పదును పోతది, లెవ్వు!"

"జర ఆగవే. మనసు కుదురు చేసుకోనీ. రాయకుంట పోతే సాలు వంకర పోతది."

ఒళ్లు మండిపోయింది. ఈ మనిషితో మాట్లాడేకంటే పొయ్యితో మాట్లాడటం నయమని గంపలోంచి ఒక కాగితం లాగి అగ్గిపుల్ల తీశాను. కాగితం మీద ఎర్ర మార్జిను లేదు. అక్షరాలు ఎటు పడితే అటు పడి ఉన్నాయి. ఒక చోట నా పేరు కనిపించింది. చదివాను.

"నాకు పన్నెండేండ్లప్పుడు మా నాయిన మొదటిసారి గొర్రు చేతికిచ్చిండు. సాలు వంకర వొయింది. నాయిన కొట్టలే. కూలోళ్లందరి ముంగట ఆ సాలు మీద నన్ను ఈ కొన నుంచి ఆ కొన దాక నడిపిచ్చిండు. అందరు నవ్విండ్రు. ఇప్పటికీ గొర్రు పట్టుకుంటే ఎనక నుంచి ఆ నవ్వే ఇనొస్తది. స్వరూపకు చెప్పలే. చెప్తే ఆమె గూడ నవ్వుతది."

అగ్గిపుల్ల నా వేళ్ల దాకా కాలింది.

నవ్వేదాన్నే. అబద్ధమెందుకు? ఇరవై రెండేళ్లుగా నేను చేసింది అదేగా. ఊరందరికీ ఆయన కొలతల కథలు చెప్పి నవ్వించాను. ఇట్లాంటి కాగితాలు ఇంకెన్ని కాల్చి రొట్టెలు చేసుకున్నానో! ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే పదును ఆగుతుందా? కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుని లేచాను.

"లెవ్వు. ఇయ్యాల గొర్రు నేను వడ్త. నువ్వు ఇత్తనం పొయ్యి."

"నీకేమన్న పిచ్చా? ఆడోళ్లు గొర్రు వడ్తరా?"

మా దగ్గర పట్టరు. అయినా పట్టాను. ఎడ్లకు నా మాట లెక్కలేదు, గొర్రు నా చేతుల్లో నిలవలేదు. ఆయనా ఏసమ్మా చెరో పక్క విత్తనం పోస్తూ వచ్చారు. ఆ గట్టు చేరి వెనక్కి తిరిగి చూద్దును గదా, నాకే సిగ్గేసింది.

ఏసమ్మ పొట్ట పట్టుకుంది. "ఓ స్వరూపక్కా, గిదేం సాలే! నక్క ఉరికినట్లుంది!"

ఆయన ముఖం పాలిపోయింది. చెయ్యి గొర్రు మీదికి పోయింది, చెరిపేయడానికే.

"నవ్వు ఏసమ్మా, బాగ నవ్వు. నేను నడిచి సూపిస్త" అన్నాను.

చీర ఎగ్గట్టి ఆ సాలు పక్కనే, అది ఎటు వంగితే అటు వంగుతూ, ఈ కొన నుంచి ఆ కొన దాకా నడిచాను. పక్క చేలల్లో వాళ్లు కూడా నవ్వారు. మళ్లీ నడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడ్డాను. ఏం కాలేదు. కాళ్లకు బురదైంది, అంతే.

ఆయన నా బురద కాళ్లనూ, కొంగు ముడినీ చూశాడు.

"పొయ్యి కాడ సదివినవా?"

"సదివిన. ఇంగ నవ్వనులే."

ఆయన కళ్లు తుడుచుకుని గొర్రు అందుకున్నాడు. మొదటి సాలు ఎట్లా పోతే పక్కది దాని వెంబడే పోవాలి, లేకపోతే విత్తనం మీద విత్తనం పడుతుంది. నా వంకర వెంబడే ఆయన రెండోది తోలాడు, తర్వాత మూడోది. మర్నాటికల్లా నాలుగెకరాలూ అయిపోయాయి. చేను మొత్తం వంకరే.

పది రోజులకు అలివేలమ్మ వచ్చింది. మొలిచిన జొన్నను గట్టు పొడుగునా నడిచి చూసింది.

"ఇది కురుమూర్తి చేనేనా?" అని ముక్కున వేలేసుకుంది. "ఎట్లనన్న కానీ, మొలిచింది. మీరే చేస్కోండ్రి."

ఆ మర్నాడు పొద్దున్నే రొట్టెలకని పొయ్యి దగ్గర కూర్చున్నాను. గంపలో చెయ్యి పెడితే ఒక్క కాగితం లేదు.

"ఏమయ్యా, ముట్టియ్యనీకె కాగితమే లేదు. ఇయ్యాల రాయలేదా?"

"రాసిన."

"మరి?"

"సింపలే."

నోటుబుక్కు తెచ్చి చూపించాడు. గీతలు దాటిన అక్షరాలు, రెండు కొట్టివేతలు, ఒక మూల బురద వేలిముద్ర. నేను చదవబోతుంటే ఆయన ముందు పేజీలు తిప్పి, "మనస్సు ప్రశాంతముగా నున్నది" అన్న ముత్యాల పేజీని చర్రున చింపి నా చేతిలో పెట్టాడు.

"ఇది ముట్టియ్యి. ఇది అబద్దం."