డిపో గేటు దాకా

గురువారం మధ్యాహ్నమైతే నర్సింగు సూపరింటెండెంటు మనసు ఇప్పటికీ కాలేజీ రోజులకు మళ్ళుతుంది. నీతిపాఠం ఉండేది అప్పుడే. డాక్టరీ, నర్సింగు, ఫార్మసీ పిల్లల్ని కలగలిపి ఒక్కో బల్ల చుట్టూ కూర్చోబెట్టేవారు మేడం. సూపరింటెండెంటు కూర్చునే బల్ల దగ్గర డాక్టరీ కుర్రాడు నోరు తెరిస్తే వాదనే, అందుకని వాడికి లాయరని పేరు పెట్టారు. ఫార్మసీ పిల్ల మాత్రమ్మ. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే తను, నర్సింగు పిల్ల, మౌనమ్మ.

ఒకసారి మేడం నిజమైన చిక్కే ఇచ్చారు. వార్డులో ఉన్న బస్సు డ్రైవరుకు మూర్ఛలు వస్తున్నాయి. డిపోలో ఎవరికీ చెప్పొద్దని కనిపించినవాళ్ళందరినీ బతిమాలుకుంటున్నాడు. చెప్పాలా, వద్దా?

బస్సునిండా జనం ఉంటారు, చెప్పి తీరాలన్నాడు లాయరు. నమ్మి చెప్పుకున్నది బజారున పెడితే రేపు ఇంకెవరు నిజం చెబుతారని మాత్రమ్మ కస్సుమంది. మాటా మాటా పెరిగింది. మేడం ఎవరినీ వెనకేసుకు రాలేదు. ముగ్గురూ కలిసి వెళ్ళి అతనితోనే మాట్లాడమన్నారు.

మంచం దగ్గర లాయరు కేసు కాగితాలు తిరగేస్తూ నిలబడ్డాడు. మాత్రమ్మ మందుల సంగతి కదిపితే, నిద్ర ముంచుకొస్తోందని డ్యూటీ రోజుల్లో మానేస్తున్నానని బయటపెట్టాడు డ్రైవరు.  అప్పుడు మౌనమ్మే మెల్లగా అంది.

"అన్నా, భయమేస్తోందా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఏస్తోందమ్మా. మొన్న మలుపు దగ్గర కాసేపు ఏమైందో తెలీలేదు. కానీ స్టీరింగు వదిలేస్తే ఇక నేనెవర్ని?"

మౌనమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుని, ఆ మలుపు దగ్గర జరిగింది మొదటినుంచీ చెప్పించుకుంది.  చెబుతూ చెబుతూ అతనే, మీరు తోడొస్తే డిపోలో నేనే చెప్పుకుంటానన్నాడు. డిశ్చార్జి అయిన రోజు మేడం అనుమతితో నలుగురూ డిపోకు నడిచారు. గేటు దగ్గర అతను ఆగాడు.

"ఇక్కడుండండి చాలు. లోపలికి నేనే వెళ్తా."

ముగ్గురూ ఎండలో నిలబడ్డారు. లాయరు, మాత్రమ్మ ఒకే టీని పంచుకుని తాగారు. వాదనలో ఎవరు గెలిచారన్న ఊసే రాలేదు. బయటికొచ్చిన డ్రైవరు ముఖం మాడ్చుకుని, పలకరించకుండానే వెళ్ళిపోయాడు. టైర్ల షెడ్డులో పని ఇచ్చారని, మొదట్లో నామోషీ పడ్డా తర్వాత కుదురుకున్నాడని మేడం చెప్పాక గాని వాళ్ళ మనసులు తేలికపడలేదు.

ఇప్పుడు సూపరింటెండెంటుగా మౌనమ్మ కూర్చునే మీటింగుల్లో అందరూ తలలూపుతారు, తొందరగా లేచిపోతారు. పక్కన లాయరు ఉండి అడ్డం తిరిగితే, మాత్రమ్మ కస్సుమంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.