వెనక్కి తిప్పిన తేదీ

జోర్డాన్‌లోని ఇర్బిద్‌లో కోర్టు ఎదురుగా ముప్పై ఏళ్లుగా అర్జీలు రాసి పొట్టపోసుకుంటున్నవాణ్ణి. నాకంటే మొండిది ఆ వీధిలో నా ప్రింటర్ ఒక్కటే. సూదులతో పొడుస్తూ, కార్బన్ పెట్టిన మూడు కాగితాల మీదా ఒకేసారి అచ్చు కొడుతుంది. గుమాస్తాలు అడిగేదీ ఆ మూడు ప్రతులే.

పాత కంప్యూటర్ చచ్చింది. కొత్తది కొన్నాను. దానికి నా ప్రింటర్ ఎవరో తెలియదట. ప్రింటర్‌ను నడిపించే పాత డ్రైవర్ డిస్కు పెడితే, దాని ధ్రువపత్రానికి గడువు తీరిపోయిందని గెంటేసింది.

ఆ గురువారమే ఉమ్మ్ సుహైబ్ వచ్చింది. నిరుడు మొగుడు పోయాడు. ఇల్లు తనదేనని మరిది కోర్టుకెక్కి గెలిచాడు. అప్పీలుకు అదే ఆఖరి రోజు; మూడింటికి కోర్టులో అర్జీలు తీసుకునే కిటికీ మూసేస్తారు. అది దాటితే ఆమె, ముగ్గురు పిల్లలు వీధిన పడతారు.

"నా దాంట్లో కొట్టివ్వనా, అబూ గైస్?" పక్క కొట్టులో అర్జీలు రాసే షౌకత్ తల లోపలికి పెట్టి అడిగాడు.

"నీ మిషను మీద కొట్టేకంటే బొగ్గుతో గోడ మీద రాస్తాను. పోయి నీ టీ తాగు."

"ముసలి గాడిదను కొత్త బండికి కట్టావు. ఎలా లాగుతుందో చూస్తాలే." నవ్వుతూ పోయాడు.

నాకు రోషం వచ్చింది. నాకో కిటుకు తెలుసు. కంప్యూటర్‌లో తేదీని పదకొండేళ్లు వెనక్కి తిప్పాను. గడువు ఇంకా ఉందనుకుని డ్రైవర్‌ను బుద్ధిగా ఎక్కించుకుంది. ప్రింటర్ టకటకలాడింది. షౌకత్‌కు వినబడాలని తలుపు బార్లా తీసిపెట్టాను కూడా.

చదువురానివాళ్లకు అర్జీ పైకి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకోవడం మా పద్ధతి. అంతా చదివాను, తేదీ తప్ప. ఆ గడిని కంప్యూటరే నింపుతుంది. అందులో చదవడానికేముంది అనుకున్నాను.

రెండు యాభైకి కిటికీ దగ్గర గుమాస్తా కాగితం చూశాడు.

"ఏమ్మా, ఈ తేదీకి మీ ఆయన బతికే ఉన్నాడే. పదకొండేళ్ల ముందే అప్పీలు చేసుకున్నారా? ఇది తీసుకోను."

"తప్పు నాది బాబూ. చేత్తో దిద్దిస్తాను," అన్నాను.

"వేలిముద్ర పడ్డాక దిద్దుబాటా? ముప్పై ఏళ్లుగా రాస్తున్నారు, మీకు నేను చెప్పాలా?"

ఆమెను వెంటబెట్టుకుని పరుగెత్తాను. తేదీ సరిచేసి, మళ్లీ అచ్చు తీసి, మళ్లీ వేలిముద్రలు వేయించి వచ్చేసరికి కిటికీ మూసి ఉంది. బాదాను. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది, ఎవరూ తీయలేదు.

షౌకత్ కొట్టులో అయిదు నిమిషాల పని. ఆ ఇంటిని మింగింది నా పొగరు.

ఉమ్మ్ సుహైబ్ మెట్ల మీద కూర్చుని వేలికంటిన సిరా తుడుచుకుంటోంది. "రేపూ ఎల్లుండీ శుక్ర, శనివారాల సెలవు కదా. ఆదివారం పొద్దున్నే వచ్చి ఇస్తే తీసుకుంటారా?"

ఊరందరి గోడూ కాగితం మీద పెట్టినవాణ్ణి, 'తీసుకోరు' అన్న ఒక్క మాట అనలేకపోయాను.

"రండి," అన్నాను.

"మీ చేతులు చల్లగా ఉండాలి," అని దీవించి, మూడు ప్రతులూ గుండెకు హత్తుకుని ఇంటికి బయల్దేరింది.