మ్యాటు కింద రేకు

కారు ముందు సీటు దగ్గర తడిసిన మ్యాటు పైకి లాగేసరికి, నీళ్ల అడుగు నుంచి ఒక పుర్రె బొమ్మ శివనాగరాజు వైపు చూస్తోంది.

"ఇదేంది పెదనాయనా?" అన్నాడతను చెయ్యి వెనక్కి తీసుకుంటూ. పొదిలి శివార్లలో పాత కార్లకు తుప్పు తీసి రేకులేసే షెడ్డు అతనిది. కారు నేలలో పుర్రెను చూడటం ఇదే మొదలు.

పేరయ్యకు ఆ మాట వినబడలేదు. బానెట్ కింద తల దూర్చి, వానకు తడిసిన వైర్లను కండువాతో తుడుస్తున్నాడు. తండ్రి నాటి అంబాసిడర్ అది. ముందు అద్దం రబ్బరు ఎండి బీటలిచ్చి, వానొస్తే నీళ్లన్నీ లోపలికే. ఇవాళ ఒంగోలు ఆస్పత్రి నుంచి ఇంటికి ఆ నీళ్లతోనే వస్తూ, షెడ్డు ముందు ఆగిపోయింది.

చూరు కింద బల్ల మీద కూర్చున్న అతని కోడలు బిందుమాధవి మాత్రం విన్నది. విన్నా తల తిప్పలేదు. ఒళ్లో కూతురు శ్రీరమ్య నోట్లోంచి చొంగ కారుతోంది. చొక్కా అంతా చెమట. బిందు పిల్ల కనురెప్ప ఎత్తి చూసింది. లోపలి నల్లపాప ఆవగింజంత ఉంది.

మొన్న ఆస్పత్రిలో చేర్చినప్పుడూ ఇంతే.

"పురుగుమందు ఒంట్లోకి పోయిందమ్మా. పిల్లకు ఏం పెట్టారు, ఎవరు పెట్టారు?" అని ఒంగోలు డాక్టరు అడిగాడు. రోజూ పాలు కలిపి ఇచ్చేది అత్త రాజ్యం. మనవడు కావాలని నోరు విడిచి అన్నదీ ఆమే. అందుకే పాలచెంబుతో ఆస్పత్రికొచ్చిన అత్తను బిందు గుమ్మంలోంచే పంపేసింది. తేరుకున్న పిల్లకు తన చేత్తో తప్ప ఎవరి చేత్తోనూ మెతుకు పెట్టనివ్వలేదు. భర్త మిర్చి లోడుతో గుంటూరు యార్డుకు పోయాడు. నమ్మింది మామగారినొక్కడినే.

మరి ఇప్పుడు ఎవరు పెట్టారు? అత్త ఇంటి దగ్గరుంది. దారిలో పిల్ల మంచినీళ్లు కూడా అడగలేదు. తాత పక్కన ముందు సీట్లో కూర్చుని, కిందికి కారిన నీళ్లలో చెప్పుల్లేని కాళ్లు ఆడిస్తూ, పాటలు పాడుకుంటూ వచ్చింది.

ఇంజను గుర్రుమంది. "పట్టింది," అన్నాడు పేరయ్య. "రా అమ్మాయ్, బిడ్డను ముందు సీట్లో పడుకోబెట్టు. మళ్లీ ఒంగోలే పోదాం."

బిందు పిల్లను ఎత్తుకుని కారు దాకా వచ్చేసింది.

"ఎక్కమాక అక్కా," అన్నాడు శివనాగరాజు. "ముందు ఇది చూడు."

రెండు మడతలు పెట్టిన రేకుతో నేల చిల్లి మూసి, చుట్టూ రోడ్డు తారు మెత్తారు. తుప్పుకు మడత అంచు విచ్చుకుంది. అతను స్క్రూడ్రైవరు దూర్చి కాస్త లేపాడు. మడతలోంచి తెల్లగా, పాలలాగా ఒక చార నీళ్లలోకి సాగింది. కుళ్లిన వెల్లుల్లి వాసన గుప్పుమంది.

పత్తిచేలల్లో పెరిగిన బిందుకు అది పురుగుమందు వాసనని ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్ల బట్టలు ఊడబీకింది. కుళాయి కింద పట్టుకుని సబ్బుతో ఒళ్లంతా కడిగింది. మందు కొడుతూ పడిపోయిన కూలీలకు చేలో మొదట చేసేది అదే. పిల్ల మెడ వాలిపోతోంది.

"ఆటో ఆపు తమ్ముడూ. ఆ రేకు కోసి కవర్లో చుట్టియ్యి. దాని మీద మందు పేరు కనపడాలి."

శివనాగరాజు సుత్తీ ఉలీ తీశాడు.

"నువ్వేసిన అతుకేనా?" అంది బిందు.

"నాదైతే వెల్డింగు ఉంటదక్కా. తారు పూసే మొరటు పని నాది కాదు." అతను పేరయ్య వైపు చూడకుండా అన్నాడు. "అయినా ఈ కారు మీద ఈగ వాలనిస్తాడా పెదనాయన?"

పేరయ్య ఇంజను ఆపి, ఆటో కోసం రోడ్డెక్కాడు. ఆటోలో పిల్ల ఊపిరి ఆగి ఆగి వస్తుంటే బిందు వేలు ఆ ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చుంది. ఆ వేలికి గాలి తగలని ప్రతిసారీ ఆమె ప్రాణం పోయి వస్తోంది.

పొదిలి డాక్టరు రేకు మీద పేరు చదివి, వెంటనే సూది మందు ఎక్కించాడు. పొద్దు వాలేసరికి శ్రీరమ్య కళ్లు తెరిచింది. నల్లపాపలు మెల్లగా విప్పారుతున్నాయి. "అమ్మా, తాత కారేదీ?" అంది.

బిందు బయటికి వచ్చింది. పేరయ్య ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మావయ్యా, ఆ రేకు ఎవరేశారు?"

పేరయ్య కండువా మడత పెట్టాడు, విప్పాడు.

"నేనే అమ్మాయ్. శివాగాడు కింద తుప్పంతా కోసి పారేయాలన్నాడు. మా నాయన కారు మీద కట్టరు పెట్టనిస్తానా? చేలో పడున్న మందు డబ్బా చీరి, నేనే మడతేసి కొట్టుకున్నా. కడగలా. మన ఊరి సుబ్బరావమ్మ గేదె మందు కలిసిన కాలవ నీళ్లు తాగి చచ్చినకాడి నుంచి, డబ్బా తెచ్చి కాలవలో ముంచినోణ్ణల్లా కర్రెత్తుకుని తరిమింది నేనే గదా. ఇక నేనే దాంట్లో ఎట్టా కడిగేది? అడుగున కాస్త మందుంది. మడత లోపలికి పోయిందిలే, ఇంకేం బయటికొస్తదిలే అనుకున్నా. పుర్రె బొమ్మ చూశా. మ్యాటేస్తే కనపడదులే అనుకున్నా. మొన్న కూడా బిడ్డ నా పక్కనే ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. డాక్టరు పురుగుమందన్న రోజు కూడా ఆ రేకు నా బుర్రకు తట్టలేదమ్మా, ఒట్టు. మీ అత్త ఆ పాలచెంబు పట్టుకుని మెట్లు దిగిపోతుంటే నేను పక్కనే ఉన్నా. నోరు మెదపలా. నేనూ దాన్నే అనుమానించా."