సాల్హా నానమ్మ వేళ్ళు

మా వంశవృక్షం గీసుకు రమ్మని డాక్టరమ్మ మాకొక కాగితం ఇచ్చింది. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా గీయాలి. చేతులు వణికినవాళ్ళ గుర్తును నల్లగా నింపాలి. దిగులుతో మంచం పట్టినవాళ్ళుంటే పక్కన గీత పెట్టాలి. నా భార్య మోంజియా నాకు మేనమామ కూతురే. అందుకని మా ఇద్దరి కొమ్మలూ పైకి వెళ్ళి ఒకే సున్నా దగ్గర కలిశాయి. ఆవిడ సాల్హా. నాకు అమ్మమ్మ, మోంజియాకి నానమ్మ.

మోంజియాకి పార్కిన్సన్ జబ్బు వచ్చి మూడేళ్ళు. వణుకుకి ఇచ్చిన మాత్రలు వేళకి వేసుకుంటుంది. పోయిన శీతాకాలం నుంచి మాత్రం గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. దానికి డాక్టరమ్మ ఇంకో మాత్ర రాసింది. ఆ డబ్బా మూత కూడా తీయలేదు.

"చేతికి మందు వేసుకుంటాను. ఏడుపుకి మందేమిటి? నా విశ్వాసం పుచ్చిపోయింది, అంతే," అనేది. "నానమ్మకి మాత్రం కష్టాలు లేవా? ఆవిడ అల్లాను తలుచుకుంటూ కూర్చుంది. నేను గోడను చూస్తూ పడుకున్నాను."

సాల్హా అమ్మమ్మ సంగతి మా ఊరు నాబుల్‌లో వీధి అంతటికీ తెలుసు. చివరి ఏళ్ళలో ఆవిడ మాట మానేసింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. బొటనవేలు చూపుడువేలి మీద ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. చేతిలో జపమాల లేకపోయినా ఆవిడ జపం ఆగదని జనం చెప్పుకున్నారు. పిల్లలు లేనివాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు వచ్చి ఆ చేతిని ముద్దు పెట్టుకునేవారు. ఆ మాటలు వింటూనే మేమిద్దరం పెరిగాం. అందుకే మోంజియాతో నేను కూడా, ఓర్చుకో, నానమ్మను తలుచుకో అని చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

నారింజ పూల రోజులు వచ్చాయి. అమ్మమ్మ పిల్లల్లో మిగిలింది హనియా పిన్ని ఒక్కతే. ఎనభై దాటినా ఏటా ఆ పూలను కాచి పూలనీళ్ళు దించడానికి మా ఇంటికి వస్తుంది. దుప్పటి మీద పూలు పోసుకుని ఆకులు ఏరుతూ ఉంటే, నేను కాగితం తీసి ఒక్కొక్కరినీ అడిగాను. మోంజియా మంచం మీద అటు తిరిగి ఉంది.

"మామయ్య?"

"వణికాడు. కప్పులో కాఫీ సగం వాడు తాగితే సగం చొక్కా తాగేది. నింపు."

"అమ్మమ్మ?"

పిన్ని చెయ్యి పూల మీద ఆగిపోయింది.

"నింపు. పక్కన గీత కూడా పెట్టు."

"ఆవిడది జపం కదా పిన్నీ?"

"జపం కాదురా తీజానీ. ఒకరోజు తల దువ్వుతుంటే నాతో అంది: 'హనియా, ఈ వేళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయే. అల్లా పేరు కూడా నా నోటికి రావడం లేదు. పొద్దున లేవాలంటే బావిలోంచి పైకి రావాల్సినట్టుంది. ఎవరికీ చెప్పకు.' చెప్పలేదు."

"ఇన్నేళ్ళా?"

"ఆ చేతిని ముద్దు పెట్టుకోడానికి కోళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళురా. ఎవరికి చెప్పను? చెప్పకపోగా ఆ కోళ్ళూ తిన్నాను."

మంచం కిర్రుమంది. మోంజియా ఇటు తిరిగింది.

"అత్తా, నానమ్మ ఏడ్చేదా?"

"ఏడవడానికి ఓపిక ఉంటేగా తల్లీ."

మోంజియా మెల్లగా లేచి కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు. "ఎంతమంది వచ్చి చెయ్యి పట్టుకున్నా, ఒక్కతే మోసిందన్నమాట," అంది. "అప్పుడు మందుండి, నేను పక్కనుంటే, నోరు తెరిపించి మరీ వేసేదాన్ని," అంది.

"అయితే నువ్వు తెరువు," అంది పిన్ని, మళ్ళీ ఆకులు ఏరుకుంటూ.

నేను డబ్బా తెచ్చాను. మూత తీసి ఒక మాత్ర తన చేతిలో పెట్టాను. మోంజియా మాత్ర నాలుక మీద పెట్టుకుని, నీళ్ళ కోసం నా వైపు చూసింది.

కాగితం చూసి డాక్టరమ్మ చాలాసేపు ఆ సున్నా దగ్గరే ఆగింది. వణుకు మా రక్తంలో వస్తోందని చెప్పింది. చాలామందికి వణుకు కంటే ముందే దిగులు వస్తుందట. అందులో రక్తం వంతు ఎంతో తమకింకా పూర్తిగా తెలియదంది. మోంజియా తప్పు మాత్రం కాదని రెండుసార్లు చెప్పింది.

ఇంటికి వచ్చే దారంతా నేను అమ్మమ్మ గురించే ఆలోచించాను. పేరు నోటికి రాని రోజుల్లో ఆవిడ అల్లాకు దూరమైందా? తిరిగే ఆ వేళ్ళను ఆయన జపం కిందే తీసుకుని ఉంటాడా? నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. తీసుకుని ఉంటాడనే అనుకుంటున్నాను.

రెండు నెలలకు ఒక ఉదయం మోంజియా ముంగిట్లో కూర్చుని ఉంది. బొటనవేలు తిరుగుతోంది. పక్కన కూర్చుని, "వణుకేనా?" అని అడిగాను.

"వణుకే," అంది. "ఎలాగూ తిరుగుతోంది కదా అని, దానితోపాటు నేను కూడా అల్లా పేర్లు చెప్పుకుంటున్నాను. మాట్లాడించకు, ఏ పేరు దగ్గరున్నానో మర్చిపోతాను."