ఉష తెచ్చిన పాలు

ఉష రెండో ఆవు పొదుగు కడుగుతుండగానే వాళ్ళ నాయన ముత్యాలప్ప మొదటి ఆవు పాలు పితకడం ముగించి లేచాడు. పొద్దున్నే ఆ పాకలో బకెట్లో పడే పాలధార చప్పుడు తప్ప మరో మాట అవసరం పడదు. పేడ ఎత్తి, కుడితి పెట్టి, గడ్డి వేసేసరికి ఉష అరచేతులు కందిపోతాయి. ఎంత సబ్బు రుద్దుకుని వెళ్ళినా బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు చిట్లిస్తూనే ఉంటుంది. పదో తరగతిలో ఉష మొదటి బెంచీ పిల్ల కాదు, చివరి బెంచీ పిల్లా కాదు. మార్కులు చదివేటప్పుడు అయ్యవార్లు ఊపిరి తీసుకోవడానికి ఆగే చోట ఆమె పేరు ఉంటుంది.

ఆ రోజు మాత్రం ఆమెకు బడికి పోవాలని తొందరగా ఉంది. సైన్సు చెప్పే సుబ్రహ్మణ్యం సారు అందరినీ ఇంటి నుంచి కాసిన్ని పాలు తెమ్మన్నారు. ఉష లోటాలో ఉన్న గంజి గటగటా తాగి, అడుగున మిగిలిన చుక్కలు విదిలించి, నాయన క్యానులోంచి అందులోకే పాలు వంచుకుంది. ఆ ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజే గిన్నెలు తనివితీరా కడిగేది. మిగతా రోజుల్లో విదిలిస్తే కడిగినట్టే లెక్క.

సారుకు కుప్పం బదిలీ అయింది. ఈ బడిలో ఆయనకు అదే ఆఖరి రోజు. మదనపల్లెలో కాపురం ఉంటూ పుంగనూరులో బస్సు మారి రోజూ వచ్చే మనిషి. గట్టిగా అరవడు, గొప్ప గొప్ప మాటలు చెప్పడు. ఆఖరి రోజు కూడా ఉపన్యాసం మాని, మందుల షాపులో కొన్న అయోడిన్ సీసా ఒకటి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు.

'పిండిపదార్థానికి అయోడిన్ కలిపితే నీలిరంగు వచ్చును.' ఈ వాక్యాన్ని ఉష ఏడో తరగతి నుంచి రాస్తూనే ఉంది, మార్కులు తెచ్చుకుంటూనే ఉంది. ఆ నీలం ఎలా ఉంటుందో మాత్రం ఏనాడూ చూడలేదు. సైన్సంటే ఆమె దృష్టిలో ఎక్కడో ఎవరికో జరిగే వ్యవహారం. పరీక్షలో అప్పజెప్పేస్తే తీరిపోతుంది.

సారు అందరి పాలనూ గాజు గొట్టాల్లో పోయించి వరసగా చుక్కలు వేశారు. ఒక్కో గొట్టమూ లేత పసుపుకు తిరిగింది. ఉష గొట్టం మాత్రం నేరేడు పండు నలిపినట్టు నీలంగా మారింది. క్షణంపాటు ఆమెకు ఆ రంగు ఎంత బాగుందో అనిపించింది. ఆ తర్వాతే మిగతా గొట్టాల పసుపు వంక చూసింది.

"గంజి కలిపినారు సార్!" ప్రతాప్ బెంచీ మీద నుంచి లేచాడు. ఊరి పాలకేంద్రం నడిపేది వాళ్ళ నాయనే. "పాలు చిక్కగా అగపడాలని కలుపుతారంట. మా నాయనకు తెలిస్తే ఆ క్యాను మళ్ళా గడప తొక్కనీడు."

తరగతంతా గొల్లున నవ్వింది. ఉషకు తల కొట్టేసినట్టయింది.

"కూర్చోరా," అన్నారు సారు. "పాలల్లో పిండి ఉండాదని మాత్రమే రంగు చెప్పింది. అది యాడ కలిసిందో, ఎవరు కలిపినారో రంగు చెప్పదు."

గంట కొట్టారు. పిల్లలు బిలబిలా బయటపడ్డారు. ఉష కదల్లేదు. పోయిన ఎండాకాలం ఆవులు సరిగా పాలివ్వనప్పుడు నాయన క్యానులో చెంబెడు నీళ్ళు పోయడం ఆమె కళ్ళారా చూసింది. అప్పుడు ఆయన తలెత్తలేదు, ఈమె అడగలేదు. నీళ్ళు పోసిన చెయ్యి గంజి పొయ్యదని ఎవరు చెప్పొచ్చారు? అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ అనుమానం పొమ్మంటే పోయేలా లేదు.

వీడ్కోలు సభ అయ్యాక ఆమె సారు దగ్గరికి వెళ్ళింది. "సార్, ఇంగోసారి సేసి సూస్తారా?"

"మీ నాయన్ని నేనేమీ అనుకోలేదమ్మా. మర్సిపో."

"మీరు అనుకోకుంటే సరిపోదు సార్. నాకు తెలియాల."

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పాలు దేంట్లో తెచ్చినావు?"

"లోటాలో."

"దాంట్లో అంతకు ముందు ఏముండె?"

పొద్దున విదిలించిన చుక్కలు ఉషకు గుర్తొచ్చాయి. "గంజి, సార్."

ప్రాణం లేచొచ్చింది. లోటాదే తప్పని అక్కడితో సరిపెట్టుకుని ఇంటికి పోవచ్చు. కానీ లోటాలోనూ ఉండి, క్యానులోనూ ఉంటే? ఆమె ముఖం చూసి సారుకు సంగతి అర్థమైనట్టుంది.

"సాయంత్రం పాలు మళ్ళా తే. కడిగిన సీసాలో. ఆవు దగ్గర పట్టుకోవాల్నా, క్యానులోంచి తేవాల్నా? నువ్వే చెప్పు."

"క్యానులోంచే సార్. ఆవు యాడ కలుపుతుంది?"

సారు ఫక్కున నవ్వారు. "తొందరగా రా. బస్సుదాకా ఉంటా."

సాయంత్రం పాలు పితికి, క్యానుకు మూత పెట్టబోతున్న నాయన ముందు ఉష కడిగిన సీసా పట్టుకుని నిలబడింది. దొంగతనంగా ఒంపుకోవడానికి మనసొప్పలేదు. పొద్దున జరిగిందంతా చెప్పేసింది. ముత్యాలప్ప చేతిలో మూత అలాగే ఆగిపోయింది.

"ఎండాకాలంలో నీళ్ళు పోసినా. నువ్వు సూస్తావుంటివి," అన్నాడు. "గంజి యానాడూ కలపలేదమ్మా. పట్టు సీసా."

తనే నిండుగా పోసి, బండి మీద ఆమెను బడి దాకా తీసుకొచ్చాడు. ఒళ్ళో సీసా, పొద్దుటి లోటా పెట్టుకుని ఉష దారి పొడవునా ఆయన చెమట మరకల చొక్కా వీపునే చూస్తూ కూర్చుంది. గేటు దగ్గర దిగి, "నువ్వూ రా నాయనా, సూద్దువు," అంది.

"నాకు తెలుసు గదమ్మా. తెలియాల్సింది నీకే." కోపంగా అనలేదు. బండి పాలకేంద్రం వైపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండునని ఉషకు అనిపించింది.

వరండాలో ఊడుస్తున్న ఆయా తిమ్మక్క చీపురు పక్కన పెట్టింది. "సారు పోయినాడు తల్లీ. మదనపల్లెకు పోయే కారుండాదని ఎడ్మాస్టరు బలవంతంగా ఎక్కించేసినాడు. నువ్వొస్తావని గది మాత్రం తీసి పెట్టమన్నాడు."

ఉషకు ఏడుపొచ్చింది. అయినా లోపలికి నడిచింది. బల్ల మీద అయోడిన్ సీసా ఉంది. పక్కన గాజు గొట్టాలు కడిగి బోర్లించి ఉన్నాయి. కిటికీ అవతల వాలీబాల్ ఆడుతున్న ప్రతాప్ ఆమెను చూసి బంతి వదిలేసి వచ్చాడు. రమ్మని ఆమె అనలేదు, పొమ్మనీ అనలేదు.

సీసాలోని పాలు ఒక గొట్టంలో పోసింది. ఇంకో గొట్టంలో, కడగని ఆ లోటాలో తిప్పిన పాలు పోసింది. రెండింట్లోనూ అయోడిన్ చుక్క వేసింది. లోటా పాలు నీలమయ్యాయి. నాయన పాలు లేత పసుపుకు తిరిగి, అలాగే నిలిచాయి. నమ్మకం కుదరక ఇంకో చుక్క వేసింది. పసుపే.

ప్రతాప్ రెండు గొట్టాలనూ వెలుతురుకు పట్టి చూశాడు. "లోటా పని అన్నమాట," అని గొణిగాడు. "మా నాయనకు నేను ఇంగా చెప్పలేదులే."

"రేపు క్లాసులో అందరి ముందర సెప్పు."

వాడు తలూపి వెళ్ళిపోయాడు.

ఉష ఆ పసుపు వంక చూస్తూ ఉండిపోయింది. ఎన్నేళ్ళుగానో రాస్తున్న ఆ వాక్యం ఈ రోజు తన ఇంటి గడప తొక్కింది, తన నాయన్ని నిలదీసింది, మళ్ళీ తన నాయన్ని తనకు అప్పజెప్పింది. సంతోషంగా ఉంది. అనుమానించానన్న సిగ్గు కూడా ఉంది. ఇంటికి పోయి నాయన ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. ఈ మాటలన్నీ సారుతోనే చెప్పాలనిపించింది.

గొట్టాలు కడిగి, ఎలా ఉన్నాయో అలాగే పెడదామని బల్ల వైపు తిరిగింది. దుమ్ము అంటకుండా వాటి కింద సారు మడత విప్పి పరిచిన తన తెల్లటి చేతిరుమాలు, నాలుగు మూలలూ సరిగ్గా సర్ది, గొట్టాల అంచులు ఆనిన చోటల్లా తడి వలయాలతో అక్కడే ఉంది.