వీపు వైపు బొమ్మ

గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, డాక్టరమ్మ ఇచ్చిన కాగితాన్ని బల్ల మీద పరిచిందామె. దాని మీద రెండు మనిషి బొమ్మలు, ముందు వైపు ఒకటి, వీపు వైపు ఒకటి. ఒంటి మీద తెల్లమచ్చ ఉన్నచోటల్లా పెన్సిలుతో నింపుకుని రావాలి. ఆ తర్వాత డాక్టరమ్మ తనూ కొలుస్తుంది. ఎవరి అరచెయ్యి వాళ్ళ ఒంట్లో నూరో వంతుట, వేళ్ళతో సహా.

ముందు వైపు తేలిగ్గానే అయింది. పెదవుల మూలలు, మోచేతులు, మోకాళ్ళు. ఏ మచ్చ ఎప్పుడు పుట్టిందో కూడా ఆమెకి తెలుసు. "చుట్టాలొస్తున్నారు, పొడుగు చేతులది వేసుకోమ్మా, ఎందుకొచ్చిన గోల," అని అత్తగారు మెత్తగా అన్న రోజుల్ని బట్టి గుర్తు.

వీపు దగ్గర పెన్సిలు ఆగిపోయింది. భర్తను అడగాలి. ఆ చిన్న మాటకి రెండు రోజులు పట్టింది. మచ్చలు మొదలైనప్పటినుంచీ అతను దీపం ఆర్పాకే ఆమె వైపు తిరుగుతాడు. అది మర్యాదేనని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది. చివరికి వెనక బట్ట పైకెత్తి నిలబడి, "కాస్త చూసి చెప్తారా?" అంది. దొంగసొత్తు చూపిస్తున్నట్టు చెవులు వేడెక్కాయి.

అతను ఫోన్ మీంచి తల ఎత్తలేదు. "ఏం లేవులే. స్టవ్ మీద ఏదో మాడుతోంది, చూడు."

ఏదీ మాడటం లేదు. అయినా వెళ్ళి చూసొచ్చింది. వీపు బొమ్మని ఖాళీగా వదిలేసింది.

వారం తర్వాత ఆస్పత్రిలో, భర్తను తెర అవతల కూర్చోబెట్టి, డాక్టరమ్మ ఆమె వీపు మీద మచ్చలు బయటపడే నీలం దీపం పట్టింది. ఆమె అరచేతి కొలతకి కత్తిరించిన కాగితాన్ని పెట్టి, జరిపి, మళ్ళీ పెట్టింది.

"నాలుగు అరచేతులంత ఉందమ్మా. మీరేమో ఖాళీ వదిలారు. ఇంట్లో ఎవరూ చూళ్ళేదా?"

"చూశారండీ. మా ఆయన. పోయిన వారమే."

"అప్పుడు లేదా?"

"లేదన్నారు."

డాక్టరమ్మ దీపం ఆర్పింది. "వారంలో ఇంత పాకితే ఊరుకోకూడదు. గట్టి మాత్రలు మొదలుపెట్టాలి. ఒళ్ళు ఉబ్బుతుంది, షుగరు రావచ్చు. పాతదైతే పూత మందూ, లైటు చికిత్సా చాలు. అందుకే ఇన్నిసార్లు అడుగుతున్నా." తెర అవతలికి గొంతు పెంచింది. "ఏమండీ, మీరు సరిగ్గా చూశారా?"

"ఎందుకు చూళ్ళేదండీ! శుభ్రంగా ఉంది," అన్నాడతను. "మా ఆవిడకే భయమెక్కువ. పిల్లి నడిచినా ఉలిక్కిపడుతుంది." తన మాటకి తనే నవ్వాడు.

ఆమె తల వంచుకుంది. మచ్చలకి సిగ్గుపడటం ఆమెకి అలవాటే. ఇది వేరు. కట్టుకున్నవాడు ఒక్కసారి తలెత్తి చూసే పాటి భాగ్యానికి కూడా తను నోచుకోలేదని పరాయి మనిషి ముందు ఒప్పుకోవాలి. అంతకన్నా మాత్రలు మింగెయ్యడమే సుఖమనిపించింది. ఉబ్బితే ఉబ్బుతాను, ఆయన మాట నిలబడుతుంది, అనుకుంది. అనుకున్నది తనేనని తెలిసి, తనను చూసి తనే జడుసుకుంది.

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది.

"రాయకండి," అందామె. ఆ మాట తెర అవతలికీ వినిపించింది. "ఆయన చూడలేదు. నన్ను చూసి ఆరేళ్ళయింది."