ఎవరు దూరముంటే వాళ్లదే వంతు

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక ఒక వెంచర్ వాళ్లు గోల్ఫ్ మైదానం వేశారు. పగలు ఆట మామూలుగానే సాగుతుంది. పొద్దు వాలితే మాత్రం అందరూ జాగ్రత్త పడతారు. ఆ నేలలో ఒకప్పుడు జొన్న పండేది. చేలు పోయినా జొన్న నీడ పోలేదు. సాయంత్రం కాగానే పచ్చిక మీద సాళ్లు సాళ్లుగా పడుతుంది. అందులోకి దొర్లిన బంతి కొయ్యలకు తట్టుకున్నట్టు నెమ్మదిస్తుంది. "జొన్నల వడ్డది" అనుకుని ఆడేవాళ్లు ముందుకు పోతారు.

సునంద ఇంజనీరింగ్ కాలేజీలో ఆటల మేడం. కాలేజీ ఇప్పించిన సభ్యత్వంతో ఇక్కడే గోల్ఫ్ నేర్చుకుంది. మగవాళ్లకు దీటుగా కొడుతుంది. కానీ ఆమె వంతు ఎప్పుడూ ఆఖరే. గుంతకు ఎవరి బంతి దూరముంటే వాళ్లు ముందు కొట్టాలన్నది ఆట పద్ధతి. క్లబ్బు ప్రెసిడెంట్ ధర్మేందర్‌కు అది పట్టదు. బంతి ఎక్కడున్నా ముందు ఆయనే కొడతాడు. పక్కవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

ఈసారి క్లబ్బు పోటీల ఫైనల్ ఆయనకూ సునందకూ పడింది. గెలిచినవాళ్లు క్లబ్బు తరఫున రాష్ట్ర పోటీలకు పోతారు. ఇప్పటిదాకా ఒక్క ఆడమనిషీ పోలేదు. ఆఖరి గుంత దాకా ఇద్దరూ సమానంగా వచ్చారు. అక్కడ కూడా చెరిసమానంగా కొట్టి గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ మీదికి చేరారు. సునంద బంతి దూరంగా ఉంది. ఆమె వంగి దారి చూసుకుంటుండగానే ధర్మేందర్ కొట్టేశాడు. బంతి పోయి గుంతలో పడింది. చప్పట్లు మోగాయి.

సునంద లేచి నిలబడింది.

"గది చెల్లదన్నా. వంతు నాది. మళ్ల కొట్టాలె."

"ఒక్కసారికి అడ్జస్ట్ గావాలె చెల్లె. గ్రీన్ మీద లొల్లి చేసుడు మర్యాద గాదు."

"వంతు తప్పుడు మర్యాదనా? ఇన్నేండ్లు అడ్జస్టే అయిన. ఇయ్యాల గాను."

చూసేవాళ్లు గొణిగారు. "ఇంత పట్టుదల ఎందుకమ్మా, ఆటే గదా" అన్నాడొకాయన.

"ఆటే గాబట్టి అడుగుతున్న" అంది సునంద.

రిఫరీ మల్లేశయ్య బస్ డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. ధర్మేందర్ ముఖం చూసి ఫోన్ తీశాడు. అందులో రూల్ వెతుకుతున్నట్టు చాలాసేపు తల వంచుకున్నాడు. సునంద కర్ర నేలకు ఆనించి అలాగే నిలబడింది. చివరికి మల్లేశయ్య తలెత్తాడు.

"ఇద్దరి మధ్య పోటీల వంతు తప్పితే ఎదుటోళ్లు ఆ దెబ్బ రద్దు చెయ్యమనొచ్చు. మేడం అన్నదే రైటు. బంతి ఎనుకకు వెట్టుండ్రి."

ఈ గొడవలో పొద్దు వాలిపోయింది. గ్రీన్ నిండా జొన్న నీడ పరుచుకుంది. రెండు సాళ్ల నడుమ ఒక ఎండ చార సునంద బంతి నుంచి గుంత దాకా ఉంది. ఆమె ఆ చారలోకి మెల్లగా కొట్టింది. బంతి అటూ ఇటూ నీడను తాకకుండా పోయి గుంతలో పడింది.

ధర్మేందర్‌ది దగ్గరి బంతే. కానీ దారికి సాళ్లు అడ్డంగా ఉన్నాయి. కొట్టాడు. బంతి నీడలో రెండు సాళ్లు దాటి, మూడోదాంట్లో ఆగిపోయింది.

"జొన్నల వడ్డది" అన్నాడు మల్లేశయ్య. సునంద గెలిచిందని చెప్పాడు.

మరుసటి ఆదివారం పొద్దున మొదటి గుంత దగ్గర ధర్మేందర్ అలవాటుగా ముందుకొచ్చి బంతి పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. రాష్ట్ర పోటీలకు పోబోయే మనిషి వెనక నిలబడి చూస్తోంది. ఆయన వంగి బంతి తీసుకుని పక్కకు తప్పుకున్నాడు.

"కొట్టు చెల్లె."

సునంద తన బంతి పెట్టింది. కర్ర ఎత్తబోయి ఆగింది.

"ఇంకొంచెం ఎనుకకు జరుగన్నా. నీ నీడ నా బంతి మీద వడుతున్నది."